పాత మనవి

ఆదివారం ఆరాధన ఇంకా ముగియనే లేదు, ఆమె ఇంటికి వచ్చేసింది! దబాలున తలుపు తోసి, చేతిలోని బైబిలు బల్లమీద పడేసి, ఇస్త్రీ చేయాల్సిన బట్టల గుట్ట పక్కన కూలబడిపోయింది. ఇన్నేళ్ల కాపురంలో ఆమె ఆ పుస్తకాన్ని అలా పడేయడం భర్త ఎన్నడూ చూడలేదు. అతను వడ్రంగి, ముందుగదే అతని పనిగది. తలుపుచెక్కకి చిత్రిక పడుతున్నవాడల్లా ఆగి తలెత్తాడు.

“ఏమే, మీ దేవుడు ఇవాళ తొందరగా వదిలిపెట్టాడా?” అన్నాడు అలవాటు కొద్దీ.

మామూలు రోజైతే “మీ నోటికి తాళం వెయ్య!” అని నవ్వేసేది. ఇవాళ నవ్వలేదు. రెండు చేతుల్లో మొహం దాచుకుని భోరుమంది!

“నా మనవి తీసేశారండీ... పిచ్చుక కోసం నేను చెప్పుకునే మనవి... ఇక చెప్పొద్దన్నారు!”

పిచ్చుక వాళ్ల ఒక్కగానొక్క కూతురు. చిన్నప్పుడు ఇల్లంతా చెవులు చిల్లులు పడేలా వాగేది కనుక తండ్రే పెట్టాడా ముద్దుపేరు. ఏడేళ్ల వయసులో జ్వరం వచ్చింది. జ్వరం పోతూ పోతూ పిల్ల మాటలన్నీ మూటగట్టుకు పోయింది... ఇప్పుడు ఈడొచ్చిన పిల్ల. తల దువ్వాలన్నా, ముద్ద నోట పెట్టాలన్నా తల్లే. ఎదురుగా కూర్చుని “అమ్మా అనవే బంగారూ!” అని ఎంత బతిమాలినా కిటికీలోంచి ఎటో చూస్తూ ఉండిపోతుంది. తండ్రి ఆ జ్వరంతోనే దేవుడితో మాటలు మానేశాడు. తల్లి మాత్రం మానలేదు. ప్రతి ఆదివారం, ప్రార్థన మనవులు చెప్పమని పాస్టరుగారు అడగ్గానే లేచి నిలబడి ఆ ఒక్క మాటే అడిగేది. “నా బిడ్డకి మాట రావాలి. దయచేసి ప్రార్థన చెయ్యండి.” అంతే! అందులో ఒక్క ముక్క కలిపింది లేదు, తీసింది లేదు.

ఆ రోజు పాట అయిపోతుండగా సంఘపెద్దగారి భార్య ఆమెను చెయ్యి పట్టుకుని వరండాలోకి తీసుకెళ్లింది. అందరికీ పెద్దక్కయ్య ఆవిడ. అబ్బో, ఆ నోటి తీపి గురించి వేరే చెప్పాలా!

“నీమీద ప్రేమకొద్దీ చెబుతున్నానమ్మా... కొత్తవాళ్లు వస్తున్నారు. ఎప్పుడొచ్చినా అదే మనవి వింటుంటే వాళ్ల విశ్వాసం ఏం కావాలి చెప్పు? కొన్నాళ్లు మనసులోనే అడుక్కో. అయినా... ఇంట్లో ఒక అవిశ్వాసిని పెట్టుకుంటే దేవుడు మాత్రం ఏం చేస్తాడు?”

ఈ చివరి ముక్క భర్త చెవిన వేయకూడదనే అనుకుంది. కానీ కడుపులో మంట ఆగనిస్తేనా! “మీవల్లేనట! మీరు నమ్మకపోబట్టే నా బిడ్డకి మాట రాలేదట!” అని అరిచేసింది. అరిచాక నాలుక కరుచుకుంది. వడ్రంగి చిత్రిక పక్కన పెట్టి పెరట్లోకి వెళ్లిపోయాడు.

మరుసటి ఆదివారం ఆమె చర్చికి వెళ్లలేదు. ఆ పై ఆదివారమూ వెళ్లలేదు. భోజనం ముందు కళ్లు మూసుకోవడం కూడా మానేసింది. ఆమె ప్రార్థన చేస్తుంటే కావాలని చప్పుడు చేస్తూ తినే మనిషి, ఇప్పుడు కంచం ముందు చేతులు కట్టుకు కూర్చున్నాడు!

“తినరేం?”

“ఏం లేదు... నువ్వు కానియ్యి.”

“కానిచ్చేదేముంది? తినండి.”

నిజం చెప్పొద్దూ, ఆమెకు హాయిగానే ఉంది! ఎవరినీ అడగక్కర్లేదు. రోజూ పొద్దున్నే కూతురి మొహంలోకి ఆశగా చూడక్కర్లేదు. తల దువ్వేటప్పుడు దాంతో కబుర్లు చెప్పడం మానేసింది. “అమ్మా అనవే” అని బతిమాలడం మానేసింది. ముద్ద పెట్టడం, మూతి తుడవడం, మళ్లీ ఇస్త్రీ బల్ల దగ్గరికి పోవడం... ఆ హాయి ఎలాంటిదో ఆమెకంటే ముందు వడ్రంగికే అర్థమైంది. ఎప్పుడో ఆ దారిన పోయినవాడు కదా!

ఇంకో ఆదివారం వచ్చింది. అతను గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకున్నాడు.

“ఏమే... ఇవాళ ఆదివారం.”

“అయితే?”

“వెళ్లవా?”

“మీకేం పట్టింది? ఇన్నాళ్లూ ఎకసెక్కాలాడారుగా! ఇప్పుడు సంతోషించండి. మొగుడూ పెళ్లాం ఒక్కటయ్యాం!”

“సంతోషమా!” అన్నాడు వడ్రంగి. “నేనెందుకు వదిలేశానో తెలుసా నీకు? నువ్వు వదలవని! నువ్వు అడుగుతున్నావులే అన్న ధీమాతోనే నేను ఆయన్ని తిట్టుకుంటూ కూర్చున్నాను. నువ్వు కూడా మానేస్తే నా బిడ్డ కోసం అడిగే దిక్కెవరే...”

పిల్ల మాట పోయిన రోజున కూడా ఏడవని మనిషి, కన్నీళ్లు పెట్టుకున్నాడు!  అయినా ఆమె మనసు రాయి చేసుకుంది.

“అడిగి అడిగి నా నోరు అరిగిపోయింది. అంత కావాలంటే మీరే వెళ్లి అడగండి!”

“వెళ్తాను!” అన్నాడు. అన్నవాడు అన్నంత పనీ చేశాడు! రంపపుపొట్టు అంటిన చొక్కాతోనే, కూతురి చెయ్యి పట్టుకుని వీధిలోకి దిగిపోయాడు.  జనాన్ని చూస్తే పిల్ల బెదిరిపోతుంది. ఒకసారి చర్చిలో కేకలు పెడితే అందరూ వెనక్కి తిరిగి చూశారు. ఆనాటి నుంచి తీసుకెళ్లడమే మానేసింది ఆమె. కాళ్లకు చెప్పులైనా లేకుండా పరిగెత్తింది!

ఆమె రొప్పుతూ చర్చి గుమ్మం చేరేసరికి లోపల పాస్టరుగారు మనవులు అడుగుతున్నారు. వెనక వరసలో వడ్రంగి లేచి నిలబడ్డాడు.

“నాకు విశ్వాసం లేదండీ. ఉందని మీ దగ్గర అబద్ధమాడను. మనవి మాత్రం ఉంది. మా ఆవిడ అడిగేదే, పాతదే. నా బిడ్డకి మాట రావాలి. ఎవరికైనా విని విని విసుగొస్తే చెవులు మూసుకోండి. అడిగేది మిమ్మల్ని కాదు!”

 అంతలో పిచ్చుక బెదిరి గావుకేక పెట్టింది! మాట కాదు, ఉత్త కేక... తలలన్నీ తిరిగాయి. తండ్రికి ఎలా ఊరుకోబెట్టాలో తెలియలేదు. ఆమె ఇక ఆగలేకపోయింది. అందరి మధ్యనుంచీ గబగబా నడిచివెళ్లి కూతుర్ని గుండెలకు హత్తుకుంది. పాస్టరుగారు తలవంచి ప్రార్థన మొదలుపెట్టారు. ఆమె కళ్లు మూసుకుంది. స్తోత్రాలు రాలేదు, కోపమే వచ్చింది. “ప్రభువా, ఎందుకిలా చేశావు? నాతో మాట్లాడవేం?” అని లోలోపల నిలదీసింది. నిలదీస్తూ నిలదీస్తూనే తను మళ్లీ ఆయనతోనే మాట్లాడుతున్నానని గ్రహించి వెక్కివెక్కి ఏడ్చింది! అద్భుతమేమీ జరగలేదు. ఆమెన్ అనేసరికి పిచ్చుక కేకలు ఆపి, ఎప్పటిలాగే ఎటో చూస్తూ ఉంది.

బయటికి రాగానే పెద్దక్కయ్య ఎదురొచ్చింది, మొహమంతా నవ్వు చేసుకుని.

“చూశావా అమ్మా, నీ భర్తనే రప్పించాడు దేవుడు! వచ్చేవారం లేచి దేవుడు చేసిన ఈ మేలునే సాక్ష్యంగా చెప్పాలి నువ్వు!”

“సాక్ష్యం కాదక్కయ్యా. వచ్చేవారమూ మనవే చెబుతాను.”

“మళ్లీనా? ఇంకా ఎన్నాళ్లమ్మా?”

“ఆయన ఇచ్చేదాకా. ఇవ్వకుండానే నన్ను తీసుకుపోయాడనుకోండి... అక్కడ ఆయన ఎదురుగా నిలబడి అడుగుతాను. విశ్వాసమంటే మీకేమిటో నాకు తెలీదు. నాకున్నది మాత్రం ఇంతే!”

 ఆమె కూతురి చెయ్యి ఒకటి తను పట్టుకుని, రెండోది భర్త చేతికిచ్చి, ఇంటిదారి పట్టింది.