ఇన్నమ్మ ఫోటో

మధ్యాహ్నం ఎండ వాకిట్లో నిప్పులు చెరుగుతోంది. హారిక కూలర్ ముందు బోర్లా పడుకుని, నాన్న ఇచ్చిన పాత ఫోనులో ఫోటోలు చూసుకుంటోంది. వేసవి సెలవులకి ఆగిరిపల్లిలో ఉన్న నాయనమ్మ ఇంటికి వచ్చినప్పటి నుంచీ తీసినవే అన్నీ. గడ్డి మీద పరిచిన బంగినపల్లి కాయలు. రసం పీల్చి మూతి అంతా పసుపు చేసుకున్న బాబాయి. తుమ్మబోతున్న తోట కుక్క మొహం. అది చూస్తే హారికకి నవ్వు ఆగదు.

ఇవాళ నవ్వు రాలేదు.

మొన్నటి నుంచీ ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. వాళ్ళ మామిడి తోటలో కాయలు ఏరే ఇన్నమ్మ చనిపోయింది. జ్వరం ముదిరిందని ఆటోలో నూజివీడు తీసుకెళుతుంటే, దారిలోనే ప్రాణం పోయింది.

గేటు చప్పుడైంది. ఇన్నమ్మ మనవరాలు షాలోమి. హారిక ఈడు పిల్లే. వెనకాల, అక్క చున్నీ పట్టుకుని చిన్న తమ్ముడు మార్టిన్.

“అమ్మగారూ, రేపు మామ్మ కోసం ప్రార్థన పెడుతున్నామండి. ఫ్లెక్సీ వేయించాలి. మామ్మ ఫోటో లేదండి,” అంది షాలోమి.

“అదేంటే, ఆధార్ కార్డు మీద ఉంటుందిగా?” అంది నాయనమ్మ.

“అందులో మొహం నల్లగా పడిందండి. హారిక తోటలో బోలెడు ఫోటోలు తీసింది కదండి. వాటిల్లో ఏమైనా ఉందేమోనని...”

“హారీ, చూడవే తల్లీ,” అంది నాయనమ్మ.

హారిక చూడలేదు. చూడక్కర్లేదు.

కోత మొదలైన రోజున కాయల రాశి ముందు తాతయ్యనీ, నాయనమ్మనీ, బాబాయినీ నిలబెట్టింది. ఇన్నమ్మ కూడా వచ్చి చివర్లో నిలబడింది. “ఇన్నమ్మా, నువ్వు పక్కకి జరుగు. ఫోటోలో పడుతున్నావ్!” అని అరిచింది హారిక. ఇన్నమ్మ జరిగింది. ఆ తర్వాత హారిక ఫోను పైకెత్తితే చాలు, ఎవరూ చెప్పకుండానే తప్పుకునేది.

“లేదు. కొన్ని డిలీట్ అయిపోయాయి,” అంది హారిక.

“పర్లేదులే,” అంది షాలోమి. తమ్ముణ్ణి తీసుకుని, గేటు మెల్లగా వేసి వెళ్ళిపోయింది. విసురుగా వేసినా బాగుండేది అనిపించింది హారికకి.

మర్నాడు సాయంత్రం నాయనమ్మతో కలిసి ప్రార్థనకి వెళ్ళింది. షాలోమి వాళ్ళింటి ముందు టెంటు వేశారు. అందరూ కింద పరిచిన పట్టాల మీద కూర్చున్నారు. వీళ్ళిద్దరికీ మాత్రం ఎవరో పరుగున వెళ్ళి కుర్చీలు తెచ్చి వేశారు.

ఎదురుగా ఫ్లెక్సీ. పైన తెల్ల పావురాలు, చుట్టూ గులాబీలు. మధ్యలో ఆధార్ కార్డు మీది మొహం, బాగా పెద్దది చేసి పెట్టారు. కళ్ళు రెండు మచ్చల్లా ఉన్నాయి. మూతి ఎక్కడుందో తెలియడం లేదు.

“అక్కా, ఆవిడెవరు?” మార్టిన్ అడిగాడు.

“మామ్మరా.”

“కాదు.”

“మామ్మేరా బాబూ. నోర్మూసుకుని కూర్చో.”

“కాదు! మామ్మని పెట్టమను!”

వాడు ఏడుపు లంకించుకున్నాడు. పాట పాడుతున్న వాళ్ళు తలలు తిప్పి చూశారు. షాలోమి వాణ్ణి చంకనేసుకుని టెంటు వెనక్కి తీసుకెళ్ళింది.

హారిక కుర్చీలోంచి లేచింది. “ఎక్కడికే?” అని నాయనమ్మ అడుగుతున్నా ఆగలేదు.

టెంటు వెనకాల, నీళ్ళ డ్రమ్ము పక్కన అక్కాతమ్ముళ్ళు నేల మీద కూర్చుని ఉన్నారు. హారిక కూడా కూర్చుంది.

“షాలోమీ... ఏవీ డిలీట్ అవ్వలేదు. నేను మామ్మని తియ్యనే లేదు. ఫోటోలో పడుతున్నావ్, పక్కకి జరుగు అన్నాను.”

షాలోమి మొహం పక్కకి తిప్పుకుంది.

“ఆ రోజు ఫోటోలు తీస్తారంట అని క్రిస్మస్ చీర కట్టుకొచ్చింది. సొన మరకలు పడితే పోవు మామ్మా అన్నా విన్లా,” అంది.

హారికకి అక్కణ్ణుంచి పారిపోవాలనిపించింది. ‘సారీ’ గొంతు దాకా వచ్చింది. అది మరీ చిన్న మాట అనిపించి ఆగిపోయింది. మార్టిన్ ఇంకా వెక్కుతున్నాడు.

హారిక కళ్ళు మూసుకుంది. జరగమనే ముందు ఫోను తెరలో ఒక్క క్షణం కనిపించిన మనిషిని వెతుక్కుంది.

“మార్టిన్, ఆ రోజు నేను మామ్మని చూశాను. ఎలా ఉందో చెప్పనా?”

వాడు తలూపాడు.

“ఆకుపచ్చ చీర. కొంగుతో మొహం తుడుచుకుంది. జుట్టులో గడ్డిపరక ఉంటే తీసేసుకుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదనుకుంటా, ఒక కాయ తీసి రెండు చేతుల్తో పట్టుకుంది. అప్పుడు నవ్వింది. ఇదిగో, ఈ పక్కన పన్ను లేదు.”

మార్టిన్ వెక్కడం ఆపాడు. “ఆ సందులోంచి ఈల వేసేది.”

“అవునా? నాకు తెలీదు.”

“గట్టిగా వేసేది. నవ్వాక ఏం చేసింది?”



“నవ్వాక... నేను జరగమన్నాను. జరిగింది.”

టెంటులో పాట అయిపోయింది. ఎవరో నెమ్మదిగా ప్రార్థన మొదలుపెట్టారు. మార్టిన్ హారిక మోకాలి మీద చెయ్యి వేశాడు.

“ఇంకోసారి చెప్పు అక్కా.”

షాలోమి మొహం పక్కకి తిప్పుకునే ఉంది. కానీ వింటోంది.

హారిక ఆమెకి కూడా వినపడేలా కొంచెం దగ్గరికి జరిగి, ఆకుపచ్చ చీర దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టింది.