ఇత్తడి స్క్రూ

కళ్ళ పరీక్ష కుర్చీలో కూర్చున్న లోలకం ముక్కు మీద పెద్దాయన టెస్ట్ ఫ్రేమ్ తగిలించి, కుడి కంటికి నల్ల అద్దం వేశాడు.

"కింది వరస చదువు."

"చదవగలను సార్. చదవాలని లేదు."

"ఎందుకట?"

"ఈ కుర్చీలో కూర్చున్న ప్రతిసారీ నా చదువు అటకెక్కుతోంది గనక."

బయటివాళ్ళకి అది కళ్ళజోళ్ళ షాపు. ముందు గదిలో నిజంగానే కళ్ళజోళ్ళు అమ్ముతారు. వెనక గది గూఢచారి ఏజెన్సీది; అక్కడ అధికారి పెద్దాయన. లోలకం అన్నది ఏజెన్సీ పెట్టిన కోడ్‌నేమ్. యూనివర్సిటీకీ ఏజెన్సీకీ మధ్య ఊగడమే తప్ప ఎక్కడా నిలబడడు కాబట్టి ఆ పేరు. మొదటి యూనివర్సిటీలో ఫైనల్ పరీక్షల ముందు మిషన్ మీద పంపారు. రెండోదాంట్లో ప్రాక్టికల్స్ మధ్యలో కిటికీలోంచి దూకించి తీసుకుపోయారు. ఇది మూడోది. తోటి ఫిజిక్స్ విద్యార్థులు 'అన్నా' అని మొదలుపెట్టి ఈమధ్య 'అంకుల్' దాకా వచ్చారు. చెవుల పక్కన జుట్టుకి రంగు వేసుకోవడమే అతని మారువేషం.

"ఈ ఏడాది నీది ప్లేస్‌మెంట్ ఇయర్," అన్నాడు పెద్దాయన. "క్లాసులుండవు. ఏదో ఒక సంస్థలో పని చేయాలి. అక్కడి గైడ్ పాస్ చేస్తేనే ఫైనల్ ఇయర్."

"తెలుసు సార్. చదువుతున్నది నేను."

"సంస్థని మేం చూశాం. క్లాక్ ల్యాబ్. చెప్పుల డబ్బా అంత అణు గడియారం చేస్తున్నారు. యుద్ధం వస్తే ఉపగ్రహాల సిగ్నల్ ముందు పోతుంది. అప్పుడు సముద్రం అడుగున సబ్‌మెరైన్ దారి లెక్కంతా దాని గడియారం మీదే. ఒక విదేశీ నౌకాదళం కోసం ఒక ముఠా దాన్ని కొట్టేయబోతోంది. అందించేది ల్యాబ్ లోపలి మనిషి. ఎవరో కనుక్కో."

"కనుక్కుని?"

"మాకు చెప్పు. ఇంకేం చేయకు."

"ఇంకేమైనా తెలియాలా సార్?"

"నీకు తెలియాల్సిందంతా చెప్పాను." పెద్దాయన ఒక పెన్ను ఇచ్చాడు. "కెమెరా. మనవాళ్ళెవరైనా నీ దగ్గరికొస్తే 'దూరం చూపా, దగ్గర చూపా?' అని అడుగుతారు. 'రెండూ మసకే' అను."

"ఒక్క మాటివ్వండి సార్. ఈసారి మధ్యలో లేపుకుపోకండి. గైడ్ సంతకం పెట్టేదాకా నన్నక్కడే ఉండనివ్వండి."

"మాటిస్తున్నా," అన్నాడు పెద్దాయన. పెన్నులో కెమెరా పనిచేయదన్న సంగతి లోలకానికి ఆ వారమే తెలిసింది. ఇంకు కూడా కారుతోంది.

ల్యాబ్‌లో మొదటి ఉదయమే చీవాట్లు పడ్డాయి.

"ఆగు! అక్కడే ఆగు!" గైడ్ తలుపు దగ్గరికి పరుగున వచ్చాడు. "ఛాతీ మీద ఏంటది?"

"బ్యాడ్జ్ సార్. గేటు దగ్గర ఇచ్చారు."

"దాని వెనకేముంది?"

లోలకం బ్యాడ్జ్ తిప్పి చూశాడు. పిన్నుకి బదులు అయస్కాంతం ఉంది. చొక్కా లోపల ఒక పలక, బయట ఒక పలక; రెండూ అతుక్కుని బ్యాడ్జ్‌ని పట్టుకుంటాయి.

"గడియారం గుండెకాయ గాజుగొట్టంలో ఆవిరి బాబూ. దాని పక్కకి అయస్కాంతం వచ్చిందా, అణువులు లయ తప్పుతాయి. చుట్టూ లోహపు కవచం ఉన్నా సరే, ఆ కవచానికే అయస్కాంత గుణం అంటుకుంటుంది. అందుకే ఈ గదిలోకి ఎవరొచ్చినా బ్యాడ్జ్ బయట డబ్బాలో పడేసి రావాలి. నేనైనా, మంత్రైనా. ఇంకోసారి మర్చిపోతే నిన్ను ఫెయిల్ చేస్తాను. సరదాకి చెప్పడం లేదు."

ల్యాబ్‌లో గైడ్‌ని వెనక ఎర్రర్ బార్ అంటారు. ఏ కొలత చూపించినా 'ఇందులో తప్పెంత?' అని అడిగేవాడు. లోలకానికి అక్కడ ఇంకో పేరు వచ్చింది: ప్లేస్‌మెంట్. "ప్లేస్‌మెంట్, ఆ కేబుళ్ళకి లేబుళ్ళు అంటించు." "ప్లేస్‌మెంట్, లెన్సులు తుడువు." "ప్లేస్‌మెంట్, ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంది." గాడిద చాకిరీ చేస్తూ నెలలు గడిచాయి. గడియారం మీద చెయ్యి వేయనివ్వలేదు. తుపాకీ విప్పి బిగించడం వచ్చినవాడు ప్రింటర్‌తో కుస్తీ పడుతున్నాడు.

ఆదివారాలు అక్క ఫోన్ చేసేది.

"ఒరేయ్, అయిందా నీ డిగ్రీ?"

"ఇంకో ఏడాది అక్కా."

"పోయినేడాదీ ఇదే అన్నావు. మీ బావ మేనల్లుడు నీ తర్వాత చేరి పీహెచ్‌డీ కూడా అయిపోయింది. నీకు చదువు రాకపోతే రాదని చెప్పరా, మేమేం అనుకోం. మీ బావ బ్యాటరీల షాపులో కూర్చుందువుగాని. కరెంటే కదా, అదీ ఫిజిక్సే."

అతను పళ్ళు నూరుకున్నాడు. చదువు వచ్చు. అదే అసలు బాధ.

ప్లేస్‌మెంట్ రిపోర్టుకి తన సొంత పని ఏదైనా ఉండాలి. గడియారాన్ని తాకనివ్వకపోయినా, అది చూపించే అంకెలు కంప్యూటర్‌లో ఉంటాయి. రోజూ సాయంత్రం వాటిని ల్యాబ్‌లోని పెద్ద గడియారంతో పోల్చి గీత గీసేవాడు. వారాలపాటు గీత తిన్నగా ఉంది. తర్వాత వంగడం మొదలైంది. ఒక పూటలోనో రెండు పూటల్లోనో తెలిసే తేడా కాదు. అంత ఓపికగా చూసినవాడు ఆ ల్యాబ్‌లో ఇంకెవడూ లేడు. పని లేనివాడు ఒక్కడే ఉన్నాడు.

భోజనానికి అందరూ వెళ్ళిన ఒక మధ్యాహ్నం మూత విప్పాడు. కవచం లోపలి స్క్రూలన్నీ ఇత్తడివి. ఒక్కటి మాత్రం స్టీలు; దాని ఇత్తడి రంగు పూత గాడి దగ్గర కాస్త గీసుకుపోయింది. ఎవరో మెకానిక్ పొరపాటున వేసి ఉంటాడనుకున్నాడు. స్టీలు అయస్కాంతాన్ని పట్టుకుంటుంది. గడియారాన్ని కొద్దికొద్దిగా పక్కకి లాగుతుంది. దాన్ని తీసేసి ఇత్తడిది బిగించాడు. గీత మళ్ళీ తిన్నగా వచ్చింది. ఆ సాయంత్రం బస్‌స్టాప్‌లో తనలో తను నవ్వుకున్నాడు. ఆ ఏడాదిలో అదే మొదటిసారి.

రిపోర్టుతో గైడ్‌ని ఆశ్చర్యపరచాలని అతనికీ చెప్పలేదు. పెద్దాయనకి చెప్పబోయాడు.

"సార్, గడియారంలో ఒక చిన్న విషయం..."

"ఫిజిక్స్ వద్దయ్యా. మనుషుల సంగతి చెప్పు."

మనుషుల సంగతి మేడమ్ రావడంతో తేలింది. సర్వే కంపెనీ ప్రతినిధినని చెప్పుకుని అంతకుముందు రెండుసార్లు వచ్చి వెళ్ళిందట. సిల్క్ స్కార్ఫ్, ఎత్తు మడమలు. ఆమె నడిచిన కారిడార్‌లో కొంతసేపు ఎవరికీ పని సాగలేదు. ఆమె గడియారం గది ముందు ఆగి, ఎవరూ చెప్పకుండానే బ్యాడ్జ్, వాచీ, జడపిన్నులు తీసి డబ్బాలో వేసింది. సర్వే కంపెనీవాళ్ళెవరికీ ఆ అలవాటుండదు. ఎవరినీ గడియారం దగ్గరికి రానివ్వని గైడ్ ఆమెకి దాని పక్కనే కుర్చీ వేశాడు. పోయినసారి వచ్చినప్పుడు చేతికి స్క్రూడ్రైవరే ఇచ్చాడట. తర్వాత ఇద్దరూ మెట్ల కింద నిలబడి, సరుకు ఏ రోజున చేతులు మారాలో మాట్లాడుకుంటుంటే లోలకం పై మెట్టు మీద ప్రింటర్ కాగితాలతో నిలబడి విన్నాడు.

"గైడే సార్," అని చెప్పాడు కళ్ళజోళ్ళ షాపులో. "కొంటున్నది ఆవిడ. పట్టుకుందామా?"

"వద్దు. పోనివ్వు."

"పోనివ్వడమేంటి సార్? గడియారం పోతుంది!"

"నీ పని అయిపోయింది. రిపోర్టు రాసుకో. డిగ్రీ కావాలన్నావుగా?"

ఒళ్ళు మండిపోయింది. కానీ ఆర్డర్ అంటే ఆర్డర్.

సరుకు చేతులు మారే రోజున గైడ్ కొత్త టై కట్టుకొచ్చాడు. 'ఫీల్డ్ టెస్ట్' అని రిజిస్టర్‌లో రాశారు. మేడమ్ వెంట ముఠా తరఫు ఇంజినీరు వచ్చాడు. నోరు విప్పడు, రెప్ప వేయడు. తెచ్చుకున్న పరికరం తగిలించి ఉదయమంతా గడియారాన్ని పరీక్షించి తలాడించాడు. పెట్టెలో సర్దబోయే ముందు మేడమ్ ఒకసారి మూత తీయించి లోపలికి చూసింది. ఆమె మొహంలో రంగు తగ్గింది.

కారిడార్‌లో లెన్సులు తుడుస్తున్న లోలకం పక్కకి వచ్చి ఆగింది.

"దూరం చూపా, దగ్గర చూపా?"

లోలకం లెన్సు పక్కన పెట్టాడు. "రెండూ... మసకే. మీరు మనవాళ్ళా?"

"అవును. ముఠావాళ్ళు నన్ను తమ మనిషిననుకుంటున్నారు. లోపల స్టీలు స్క్రూ ఏమైంది?"

"తీసేశాను."

"తీసేశావా? ఎందుకు?"

"గడియారం తప్పు నడుస్తోంది మేడమ్."

"తప్పు నడవాలనే కదయ్యా నేను పెట్టింది!" పళ్ళ మధ్యనుంచి అంది. "పరీక్షలో పాసవ్వాలి. సబ్‌మెరైన్‌లో కూర్చున్నాక వారాల మీద జారాలి. దానికోసమే రెండేళ్ళుగా వాళ్ళతో తిరుగుతున్నాను."

"నాకెవరు చెప్పారు? చెప్పబోతే ఫిజిక్స్ వద్దన్నారు!"

"ఇప్పుడు నిఖార్సయిన గడియారం వాళ్ళ చేతికి పోతోంది. ఆపితే నేను దొరికిపోతాను. వాళ్ళు నన్ను ప్రాణాలతో ఉంచరు."

లోపల ఇంజినీరు మూత స్క్రూలు బిగిస్తున్న చప్పుడు. ఆఖరిది కూడా బిగించాక సీలు వేశాడు. ఇక మూత తెరిచే వీల్లేదు.

ఏడాదంతా చేసిన ఒకే ఒక్క మంచి పనిని పాడుచేయాలి. అది కూడా కారు కదిలేలోగా. లోలకం తలుపు పక్క డబ్బాలోకి చూశాడు. బ్యాడ్జ్ మీద తన ఫొటో తన వైపే చూస్తోంది. తీసి చొక్కాకి తగిలించుకుని, పైన తెల్లకోటు గుండీలు పెట్టుకున్నాడు.

"సార్, పెట్టె నేను మోస్తాను," అన్నాడు లోపలికి వెళ్ళి.

గైడ్‌కి నడుంనొప్పి. "జాగ్రత్త. పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకో."

లోలకం అలాగే ఎత్తుకున్నాడు. గుండెకి హత్తుకున్నాడు. కోటు గుడ్డ వెనక బ్యాడ్జ్ ముందుకి లాగడం తెలిసింది. అడుగులో అడుగు వేసుకుంటూ పెట్టెని ఛాతీకేసి అటూ ఇటూ రాస్తూ నడిచాడు.

"త్వరగా నడవ్వయ్యా," అన్నాడు గైడ్.

"పసిపిల్ల అన్నారు కద సార్."

మెట్లు దిగేటప్పుడు కోటు గుండీ ఊడింది. టక్‌మని బ్యాడ్జ్ వెళ్ళి పెట్టెకి అతుక్కుంది.

ముందు నడుస్తున్న ఇంజినీరు వెనక్కి తిరిగాడు.

"అమ్మా!" మేడమ్ మడమ మెలికపడి అతని భుజం మీద వాలిపోయింది. స్కార్ఫ్ అతని మొహం మీద పడింది. అతను దాన్ని తీసేసుకునేలోగా లోలకం బ్యాడ్జ్‌ని పీకి పిడికిట్లో దాచాడు. ఇంజినీరు పెట్టెని తీసుకుని నాలుగు వైపులా చూశాడు. సీలు సరిగ్గా ఉంది. పచ్చ లైటు వెలుగుతోంది. కారులో పెట్టుకున్నాడు. మేడమ్ కుంటుతూ ఎక్కింది. కారు గేటు దాటింది.

"పిడికిలి విప్పు," అన్నాడు గైడ్.

విప్పక తప్పలేదు. బ్యాడ్జ్ చూసి గైడ్ మొహం ఎర్రబడి తెల్లబడింది. కారు వెళ్ళిన వైపు ఒక అడుగు వేశాడు. ఆగాడు. కొన్నవాళ్ళని వెనక్కి పిలిచి సరుకు చెడిందని ఎలా చెబుతాడు?

"మొదటిరోజే చెప్పానా లేదా?" అన్నాడు గొంతు తగ్గించి. "చెప్పానా?"

"చెప్పారు సార్. మర్చిపోయాను."

కొన్ని నెలల తర్వాత, పొరుగు సముద్రంలో ఎవరిదో సబ్‌మెరైన్ దారి తప్పి ఇసుకదిబ్బ ఎక్కిందని పేపర్లో చిన్న వార్త పడింది. అంతకుముందే మేడమ్‌ని సురక్షితంగా దాటించారు. పెద్దాయన ఆ వార్త కత్తిరించి అక్షరాల చార్టు కింద అంటించాడు.

లోలకం తన మూల్యాంకనం కాగితం ముందు పెట్టాడు. గైడ్ రాసింది ఒకే వాక్యం: 'అయస్కాంతాల విషయంలో ప్రాథమిక జాగ్రత్త కూడా తెలియదు. ఫెయిల్.'

"ఒక్క మాట చెప్పి మార్పించండి సార్. వాడు దేశద్రోహి. వాడు నన్ను ఫెయిల్ చేయడమేంటి?"

"మేం చెబితే నువ్వెవరో తెలిసిపోతుంది. వాణ్ణి ఇప్పుడే అరెస్టు చేయం. వాడి ద్వారా ఇంకో గడియారం పంపాలి." పెద్దాయన టెస్ట్ ఫ్రేమ్ తుడిచాడు. "ఫెయిలైనవాడు అదే ల్యాబ్‌లో ఇంకో ఏడాది చేయాలట కదా? మాకూ అదే కావాలి."

"ఈసారి స్టీలు స్క్రూ ఎక్కడ పెట్టబోతున్నారో అదైనా చెబుతారా?"

"నీకు తెలియాల్సింది వచ్చినప్పుడు చెబుతాం."

లోలకం లేచి బయటికి వచ్చాడు. ఫోన్ మోగింది.

"ఒరేయ్, రిజల్ట్ వచ్చిందా?"

"వచ్చిందక్కా. ఇంకో ఏడాది పడుతుంది."

"మళ్ళీనా! ఈసారి ఎందులో పోయిందిరా?"

"అయస్కాంతాల్లో."

"అంతేనా. బ్యాటరీల షాపులో వాటితో పని పడదులేరా."