నీళ్ళ మీది ఊరికి ఐదు రోజులు

"ఐదు రోజులా! నీకేమైనా మతి పోయిందా తల్లీ?"

కత్తెర బల్ల మీద పడేసి లేచి నిలబడింది మిషనమ్మ. సగం కత్తిరించిన గుడ్డ ఒళ్ళోంచి నేలకు జారింది. ఆవిడ అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ గుర్తులేదు. భర్త పోయిన నాటి నుంచి ముందు గదిలో కుట్టుమిషను పెట్టుకుని ఇద్దరు పిల్లల్ని పెంచుకొచ్చింది, అందరికీ మిషనమ్మ అయిపోయింది. ఎదురుగా కుర్చీలో కాళ్ళు ముడుచుకు కూర్చున్న కూతురు ఫోన్‌లోంచి తలైనా ఎత్తలేదు. చిన్నప్పుడు క్షణం నోరు మూసుకునేది కాదని దాన్ని పిచ్చుక అనేవారు. ముప్ఫై రెండేళ్ళొచ్చినా ఆ పిలుపు మాత్రం పోలేదు.

"మతి ఉండబట్టే ఐదు రోజులంటున్నానమ్మా. అంత దూరం వెళ్ళి రెండు రోజుల్లో ఏం చూస్తాం? గుమ్మం తొక్కి వచ్చినట్టుంటుంది!"

"మరి నీ డయాలసిస్సో?"

పిచ్చుక ఫోన్‌లో ఇంకో బొమ్మ తిప్పింది.

ఆ పిల్ల కిడ్నీలు రెండూ చెడిపోయి ఏడేళ్ళయింది. అప్పుడు తల్లి ఇంకో మాట లేకుండా తన కిడ్నీ ఒకటి ఇచ్చింది. నాలుగేళ్ళు అది బాగానే పనిచేసింది. పిచ్చుక కళ్ళజోళ్ళ దుకాణంలో ఉద్యోగానికి వెళ్ళింది, వానలో తడిసింది, కడుపు నిండా నీళ్ళు తాగింది... తర్వాత ఏమైందో ఏమో, ఆ కిడ్నీ ఒంటికి గిట్టడం మానేసింది! మళ్ళీ వారానికి మూడుసార్లు ఆసుపత్రి మంచం, చేతికి సూదులు, పక్కన గిర్రున తిరిగే యంత్రం. "ఇంట్లో ఇద్దరం మిషన్ల మీదే బతుకుతున్నాం కదే అమ్మా!" అని ఆ పిల్లే నవ్వించబోయేది. తల్లి నవ్వినట్టే నవ్వి, వంటింట్లోకి వెళ్ళి కొంగు నోట్లో కుక్కుకునేది. తన ఒంట్లోంచి కోసిచ్చిన ముక్క కూడా కూతుర్ని నిలబెట్టలేకపోయిందే... ఇక తనెందుకు, తన బతుకెందుకు!

డయాలసిస్ మీద ఉన్నవాళ్ళు నీళ్ళు ఇష్టమొచ్చినట్టు తాగకూడదు. చిన్న గ్లాసుతో కొలిచి, రోజంతా గుక్కగుక్కగా సరిపెట్టుకోవాలి. నాలుక పిడచకట్టుకుపోతే ఐసుముక్క చప్పరించాలి. అలా దాహంతో పడుకుని ఫోన్‌లో బొమ్మలు చూస్తూ చూస్తూ ఆ పిల్ల వెనిస్ మీద మనసు పడింది. "రోడ్లే లేవమ్మా, అన్నీ నీళ్ళే! పక్కింటికి వెళ్ళాలన్నా పడవే! నిప్పుల్లోంచి గాజు తీసి ఊదే దీవి కూడా ఉందట. ఇన్నేళ్ళు అద్దాలు అమ్మాను గానీ గాజు ఎలా పుడుతుందో చూడనేలేదు" అంది. పుట్టి బుద్ధెరిగాక అది అడిగిన మొదటి కోరిక! ఒక డయాలసిస్‌కీ మరో డయాలసిస్‌కీ మధ్య దొరికే రెండు రోజుల్లోనే, సగం కాలం విమానాల్లో పోయినా సరే, వెళ్ళి రావాలనుకున్నారు. పిచ్చుక జీతంలో దాచుకున్న డబ్బులు పక్కన పెట్టి, మెట్లు ఎక్కక్కర్లేని గది కోసం వెతికారు. పడవలో గాలి కొడుతుందని తల్లి లోపల మెత్తటి గుడ్డ వేసి కోటు కుట్టడం మొదలుపెట్టింది. నెల రోజులుగా ఆ ఇంట్లో అదే మాట, అదే ఆశ...

ఇవాళ ఉన్నట్టుండి రెండు రోజులు ఐదయ్యాయి!

"అక్కడా ఆసుపత్రులుంటాయిలే," తల్లి తనను తానే సముదాయించుకుంది. "ఊరు చూడ్డానికి వచ్చినవాళ్ళకి కూడా చేస్తారని నర్సు చెప్పింది. మధ్యలో ఒకరోజు అక్కడే..."

"వద్దమ్మా."

"పోనీ, విమానం దిగి నేరుగా ఇక్కడి ఆసుపత్రికే..."

"వద్దు. అక్కడా వద్దు, వచ్చాక ఇక్కడా వద్దు."

తల్లి బల్ల అంచు పట్టుకుంది!

"అంటే ఏమిటే! నన్ను నిలువునా చంపుదామనా? ఇందుకా నిన్ను కన్నది? ఇందుకా కోసిచ్చింది?" నెత్తీ నోరూ కొట్టుకుంది మిషనమ్మ.

పిచ్చుక లేచి వచ్చి తల్లి రెండు చేతులూ పట్టుకుంది. ఆ పిల్ల మోచెయ్యి నల్లగా కమిలి ఉంది. మొన్న సూదికి నరం దొరక్క నర్సు నాలుగు చోట్ల పొడిచింది.

"గుండె కూడా పాడైపోయిందమ్మా. మిషను ఆపకపోయినా నెలల మాటే. ఆపేస్తానని డాక్టరు గారికి చెప్పాను. ఆయన ఊపిరాడక బాధపడకుండా మందులిస్తాను, మీ అమ్మకి మాత్రం నువ్వే చెప్పుకోవాలి అన్నాడు... నాకు చేతకాక నెల రోజులు నానుస్తూ వచ్చాను."

"నేనిచ్చింది నిలవలేదనేగా నీకీ విరక్తి!"

"అలా అనకు!" ఆ పిల్ల తల్లి చేతుల్ని కుదిపేసింది. "నేను మనిషిలా బతికింది ఆ నాలుగేళ్ళేనమ్మా! ఉద్యోగం, వాన, స్నేహితులు, నీతో దెబ్బలాటలు... అన్నీ నువ్విచ్చినవే. రెండోసారి కన్నావు నన్ను. మూడోసారి కనమని అడగడానికి నాకు నోరు రావడం లేదు..."

తల్లీకూతుళ్ళు ఒకరినొకరు పట్టుకుని ఎంతసేపు ఏడ్చారో!

తల్లి ఫోన్ చేసి విషయం చెప్పడంతో సాయంత్రానికి కొడుకు వచ్చాడు. కరెంటు పని చేసే మనిషి, భుజాన సామాను సంచీ దించకుండానే గుమ్మంలో నిలబడిపోయాడు. ఏడేళ్ళ కిందట చెల్లెలికి కిడ్నీ ఇవ్వమంటే అతను భయపడ్డాడు. భార్య నిండు నెలలతో ఉంది, నిచ్చెనలెక్కే బతుకు, తనకేమైనా అయితే ఎలా అన్నాడు. అప్పట్నుంచి చెల్లెలి మొహం సరిగ్గా చూసి మాట్లాడిందే లేదు!

"నాది తీసుకోమని చెప్పమ్మా దీనికి," అన్నాడు. "ఇవాళే వస్తాను ఆసుపత్రికి..."

"ఇప్పుడు నీది కాదు కదా, ఎవరిదీ పట్టదు నాకు," అంది పిచ్చుక. "ఒంట్లో ఆ శక్తి లేదు అన్నయ్యా."

అతను గోడకు జారబడి, తల మోకాళ్ళలో పెట్టుకుని, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. "ఒక్కసారి... క్షమించానని ఒక్కసారి అనవే!"

"కోపం పోలేదు. పోయిందని అబద్ధమెందుకు?" చెల్లెలు అతని పక్కనే నేల మీద కూలబడి సంచీ అతని భుజం మీంచి తీసింది. "కానీ ఆ ఊళ్ళో అడుగడుక్కీ మెట్ల వంతెనలేనట. అమ్మ నన్ను మొయ్యలేదు. నువ్వు రా."

"ఎత్తుకు తిరుగుతానే... ఎన్ని వంతెనలైనా ఎక్కుతాను!"

మిషనమ్మ వాళ్ళిద్దర్నీ చూస్తూ నిలబడింది. ఏడ్చి, అరిచి, కాళ్ళు పట్టుకుని అయినా ఆపగలదు తను. తన కోసం అది ఒప్పుకుంటుంది కూడా! మళ్ళీ ఆ మంచం, ఆ సూదులు... తల్లి కళ్ళు చల్లగా ఉండడానికి బిడ్డ ఒళ్ళు తూట్లు పడాలా? ఆ ప్రశ్నకు ఎటు తిప్పినా ఒకే జవాబు వస్తోంది. దేవుడా, ఏ తల్లికీ రాకూడని జవాబు!

కింద పడిన గుడ్డ తీసి దులిపింది. "ఐదు రోజులంటే జేబులు లోతుగా పెట్టాలి," అంది. "మందులు పట్టాలి కదా..."

మర్నాడు ముగ్గురూ టిక్కెట్లు తీసే ఆఫీసుకి వెళ్ళారు. కౌంటర్లో అమ్మాయి హుషారుగా పలకరించింది. వెనిస్ అనగానే, "అదృష్టవంతులమ్మా మీరు! పిల్లలు తీసుకెళ్తున్నారా?" అంది. మిషనమ్మ తల ఊపింది. ఆ అమ్మాయి కంప్యూటర్ వైపు తిరిగి టకటకా నొక్కింది.

"వెళ్ళేటప్పుడు ముగ్గురు... తిరిగి రావడం కూడా ముగ్గురేనా అమ్మా?"

మామూలుగా అందరినీ అడిగే ప్రశ్నే! కొడుకు చప్పున మొహం తిప్పుకున్నాడు. పిచ్చుక తల్లి కొంగు చివర గట్టిగా పట్టుకుంది, చిన్నప్పుడు బజార్లో పట్టుకున్నట్టు.

"ముగ్గురమే," అంది మిషనమ్మ. కొంగు వదిలించుకోకుండానే కౌంటర్ మీదికి వంగింది. "వచ్చేటప్పుడు కూడా మా అమ్మాయికి కిటికీ పక్కన ఇవ్వమ్మా."