సాంసన్‌కు రాఖీ

"దిగుతవా, నన్నే ఎక్కుమంటవా?"

నిచ్చెన కింద నిలబడి అడిగింది జమున. పైన సాంసన్ స్టడీ హాల్లో ఆఖరి ఫ్యాన్ బిగిస్తున్నాడు. పళ్ళ మధ్య స్క్రూ ఉండడంతో "ఊ" అని మాత్రం అన్నాడు.

"ఊ ఏంది? నోట్ల నాలుక లేదా?"

సాంసన్ స్క్రూ తీసి నవ్వాడు. "కరెంటు పని నడుస్తుంది మేడమ్. జర దూరం జరుగుండ్రి. మీద ఏమన్న పడితే మిమ్ముల దవాఖానకు నేనే మోసుకపోవాలె."

"దవాఖాన్ల పని చేసేదాన్నే నేను. నువ్వేంది మోసేది?"

మామూలుగా అయితే ఈపాటికి ఆమె నవ్వేసేది. ఇవాళ నవ్వలేదు. గుప్పిట విప్పి చూపించింది. అరచేతిలో ఎర్ర దారం రాఖీ ఉంది.

సాంసన్ చేతిలోని స్క్రూడ్రైవర్ జారి నేల మీద పడింది.

"ఎవరికి?" తెలిసీ అడిగాడు.

"నీకే. అన్నం కంటే ముందుగాల కడ్త."

ఆ స్టడీ హాలున్న పిల్లల హోం సంగతి ఇక్కడ కొంచెం చెప్పాలి. పాలకుర్తి ఊరు దాటి పత్తి చేల మధ్య యాకమ్మ ఈ హోం పెట్టినప్పుడు, ఆడపిల్లల్నీ మగపిల్లల్నీ ఒకే కాంపౌండులో ఎట్లా పెంచుతావని నోరున్న ప్రతివాడూ అడిగాడు. నోరున్నవాళ్ళకు మన దగ్గర కొదవా? అందరి నోళ్ళూ మూయించడానికి యాకమ్మ ఒక పద్ధతి పెట్టింది. రాఖీ పున్నమినాడు హోంలోని ప్రతి ఆడపిల్లా ప్రతి మగపిల్లాడికీ రాఖీ కట్టాలి. పిల్లల పెద్దలంతా వచ్చి కూర్చుని చూడాలి. పెరిగి బయటికి పోయినవాళ్ళు కూడా ఆ రోజు రావాలి, హోంకు తమ చేతనైన పనేదో చేసిపెట్టాలి, రాఖీ కట్టాకే బగారన్నం తినాలి.

సాంసన్ చెల్పూర్ కరెంటు ప్లాంటులో ఎలక్ట్రీషియన్. పాత పిల్లలంతా కలిసి కొన్న ఫ్యాన్లు బిగించడం ఈసారి అతని వంతు. జమున మహబూబాబాద్‌లో స్టాఫ్ నర్సు. పొద్దుటి నుంచి పిల్లలకు రక్తపరీక్షలు చేస్తోంది. అతను పదో తరగతి ముగించి బల్లార్షాకు పనికి వెళ్ళిపోయాకే ఆమె ఈ హోంకు వచ్చింది. ఇద్దరూ ఒక్క పూట కూడా ఇక్కడ కలిసి పెరగలేదు. అతను తిరిగొచ్చాక, ఒక ఎండాకాలం గోడలకు సున్నం వేస్తూ ఆమె మందుల పెట్టె మీద సగం బకెట్ ఒలకబోశాడు. ఆమె తిట్టింది. ఇతను తిట్టించుకున్నాడు. తర్వాత పిల్లల గురించి ఫోన్లు మొదలయ్యాయి. కొన్నాళ్ళకు ఆ ఫోన్లలో పిల్లల ఊసు తగ్గిపోయింది. అయినా హోం లెక్కలో వాళ్ళు అన్నాచెల్లెళ్ళే. పోయిన రెండు రాఖీలకూ అతనికోసారి షిఫ్టు, ఆమెకోసారి డ్యూటీ అడ్డం వచ్చి ఆదుకున్నాయి.

సాంసన్ గబగబా నిచ్చెన దిగాడు. బయట వాన మొదలైంది.

"పిచ్చి లేసిందా నీకు?"

"మనం జనగామ బస్టాండ్ల చాయ్ తాగుతుంటె తండాలోళ్ళు ఎవరో చూసిండ్రు. పోయి ధన్‌సింగ్ తాతకు చెప్పిండ్రు. తాత వచ్చి యాకమ్మవ్వను అడిగిండు, నీ పిల్లలు అన్నాచెల్లెళ్ళేనా అని. అవ్వ అవునన్నది."

"అయితే ఏంది?"

"ఇయాల కండ్లారా చూస్తనని వచ్చిండు. నేను కట్టకపోతె నీలిని, తండా ఆడపిల్లలనందర్ని తీస్కపోతడు. తీస్కపోతె ఏమైతదో నీకెరుక లేదా? ఈ యేడు పత్తి ఏరుడు, వచ్చే యేడు పెండ్లి."

ధన్‌సింగ్ పెద్దవంగర దగ్గరి తండా పెద్దమనిషి. జమునదీ ఆ తండానే. ఆయన సరేనంటేనే అక్కడి ఆడపిల్లలు ఈ హోంకు వస్తారు. నీలి ఆయన మనవరాలు, తొమ్మిదో తరగతి. నర్సమ్మ అవుతానని జమున వెంటే తిరుగుతుంది.

"మరి మన సంగతి?" సాంసన్ గొంతు తగ్గింది.

"నన్ను చెయ్యి పట్టుకొని ఈడికి తెచ్చింది గా తాతనే. నేను సదువుకొని బయటపడ్డ. నా ఎనుక వచ్చే పిల్లలకు తలుపు బందు చెయ్యమంటవా?"

"నేను చెయ్యి ముందుకు పెట్టను జమునా."

"పెడ్తవ్." ఆమె కళ్ళు నిండాయి. "నాకెరుక. నీకు గా పిల్లలంటే ఎంత పానమో నాకంటే ఎవరికి ఎరుక?"

అతనికి కోపం వచ్చింది. ఆమె చెప్పింది నిజమైనందుకు ఇంకా ఎక్కువ వచ్చింది.

హాల్లో చాపలు పరిచారు. కొత్త ఫ్యాన్లు తిరుగుతున్నాయి. పిల్లలు విస్తళ్ళ ముందు కూర్చున్నారు. వంటింట్లోంచి బగారన్నం వాసన వస్తుంటే చిన్నవాళ్ళు కదలకుండా కూర్చోలేకపోతున్నారు. పిల్లల పెద్దలు గోడ వెంట కూర్చున్నారు. ముందు కుర్చీలో ధన్‌సింగ్, ఎర్ర తలపాగా, మోకాళ్ళ మధ్య కర్ర. ఆయన పక్కన యాకమ్మ కుంకుమ పళ్ళెం పట్టుకుని నిలబడింది. ఆమె జమున వైపు చూడడం లేదు.

ఒక్కొక్కరే కట్టేస్తున్నారు. జమున కూడా మిగతా మగపిల్లలందరికీ కట్టింది. ఆఖరికి ఒక్కడే మిగిలాడు.

సాంసన్ చేతులు కడుక్కుని వచ్చి పీట మీద కూర్చున్నాడు. ఎవరూ పిలవకుండానే కుడి చెయ్యి ముందుకు చాపాడు.

జమున ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది. మణికట్టు చుట్టూ దారం తిప్పింది. ముడి వెయ్యబోతే జారింది. మళ్ళీ తిప్పింది. మళ్ళీ జారింది. పసిపిల్లల్ని కూడా ఏడవనివ్వకుండా సూది వేసే ఆ వేళ్ళకు ఇవాళ దారం లొంగడం లేదు. సాంసన్ నాడి ఆమె వేళ్ళ కిందే కొట్టుకుంటోంది.

"ఏమైంది బిడ్డా?" ధన్‌సింగ్ అడిగాడు. "ముడి పడ్తలేదా?"

"కట్టు జమునా," అన్నాడు సాంసన్ మెల్లగా. "తొందరగ కట్టు."

ఆమె తలెత్తి అతని ముఖంలోకి చూసింది. చూడకుండా ఉంటే కట్టేసేదేమో. దారం విప్పి యాకమ్మ పళ్ళెంలో పెట్టేసింది.

"అవ్వా, నాతోని కాదు. ఈయన నాకు అన్న కాడు. ఎన్నటికీ కాలేడు."

యాకమ్మ చేతిలో పళ్ళెం వంగి కుంకుమ నేల మీద పడింది. నీలి భయంగా తాతనే చూస్తోంది.

సాంసన్ లేచి ధన్‌సింగ్ ముందు చేతులు జోడించాడు.

"తాతా, తప్పు నాది. నేను ఇప్పుడే పోత. మళ్ళ ఈ గేటు తొక్క. పిల్లల సదువు మాత్రం ఆపకు. నీ కాళ్ళు మొక్కుత."

ధన్‌సింగ్ అతన్ని చూడనే లేదు. జమునను అడిగాడు. "మనసుల గిది పెట్టుకొని రాఖీ ఎందుకు తెచ్చినవ్?"

"నీలి సదువు ఆగొద్దని."

"కట్టినవే అనుకో. నాకు తెలుస్తుండెనా?"

"లేదు తాతా."

"మరి కట్టేస్తె అయిపోతుండె కదా?"

"నీకు తెల్వకపోతె ఏంది? నాకు తెలుసు కదా తాతా. రాఖీ కట్టి అబద్ధం ఎట్ల ఆడుత?" ఆమె ఏడ్చేసింది.

గోడ వెంట గుసగుసలు మొదలయ్యాయి. ముసలాయన కర్ర ఒక్కసారి నేలకు కొట్టాడు, గుసగుసలు ఆగాయి.

"యాకమ్మా, చాయ్ తాగిండ్రని వింటె కోపం వచ్చిన మాట నిజం. రాఖీ కట్టకపోతె ఇయాల పిల్లలను తీస్కపోదామనే వచ్చిన. దొంగ రాఖీ కట్టి ఉంటే, గది ఎప్పటికన్న బయట పడ్తుండె. అప్పుడు నీ హోం మాట తండాల ఎవడు నమ్ముతుండె? నువ్వు పెంచిన పిల్ల ఇంతమందిల నిజం చెప్పింది. మా పిల్లలు నీ కాడనే ఉంటరు. నీలి ఇట్లనే పెరగాలె."

నీలి పరిగెత్తుకొచ్చి జమున మెడ చుట్టేసుకుంది. సాంసన్ పీట మీద కూలబడ్డాడు.

"నువ్వు లెవ్వురా," అన్నాడు ధన్‌సింగ్. "నీ సంగతి అయిపోలే. బస్టాండ్ల చాయ్ తాగితె పిల్లనియ్యరు. తండాకు వచ్చి, కూసోని అడగాలె. మీ పెద్దమనుషులను తీస్కరా."

సాంసన్ ఆశగా యాకమ్మ వైపు చూశాడు. ఆమె పైట కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ ముఖం తిప్పేసుకుంది.

"నన్నేం చూస్తవ్? ఇన్ని దినాలు నాకు చెప్పకుంట దాచిండ్రు ఇద్దరు. ఆడపిల్ల తల్లిని నేను. జమున దిక్కు కూసుంట. నిన్ను సూటిగ నాలుగు మాటలు అడుగుత."

"నువ్వు అటు పోతె నాకెవరున్నరు అవ్వా?" తమాషాకే అనబోయాడు గాని, చివరికొచ్చేసరికి నవ్వలేకపోయాడు. "నా తరఫున మాట్లాడనీకి ఎవరు లేరు తాతా."

ముందు వరసలో ఒకడు విస్తరి పక్కకు జరిపి లేచి నిలబడ్డాడు. వాడి పక్కవాడు లేచాడు. ఆ తర్వాత ఆడపిల్లల వరస, వెనక గోడకు ఆనుకున్న పాత పిల్లలు, ఒకరి తర్వాత ఒకరు హాలంతా లేచి నిలబడ్డారు. అందరికంటే ఆఖరున కదిలింది నీలి, జమున మెడ వదిలి సాంసన్ పక్కకు వచ్చి నిలబడింది.

ధన్‌సింగ్ ఆ చివర నుంచి ఈ చివరి దాకా చూశాడు. మీసాల కింద నవ్వు ఆపుకోలేకపోయాడు.

"ఇంతమంది పెద్దమనుషులా?" అన్నాడు. "వీళ్ళకు వండాలంటె ఇగ తండా మొత్తం పొయ్యి పెట్టాలె."