కాటా దాటాక పెరిగే బరువు

అనగా అనగా అన్నది మా అమ్మమ్మ. వినగా వినగా విన్నది నేను. ఊ కొట్టడం మానితే కథ అక్కడే ఆగిపోతుందని ఆమె షరతు. మీకూ అదే షరతు.

కొండదారి మలుపులో, మూతపడిన రాతి క్వారీకి ఎదురుగా, పాత లారీ కాటా ఒకటి ఉంది. లారీ ఎక్కి నిలబడేటంత ఇనుపపలక. పక్కనే అద్దాలు పగిలిన చిన్న గది, గదిలో తుప్పుపట్టి కదలని సూది. ఇప్పుడు అక్కడ తూచడానికి రాళ్లూ లేవు, తూచే మనిషీ లేడు. అయినా ఆ కాటా పని మానలేదని ఆ దారిన తిరిగేవారి మాట.

చీకటి పడ్డాక ఆ పలక మీద బండి ఆపితే… ఎవరో ఎక్కుతారట.

కనిపించరు, పలకరించరు. బండి వెనక భాగం మెల్లగా కుంగుతుంది. ముందు దీపం రోడ్డును వదిలి చెట్ల చిటారు కొమ్మల్లోకి లేస్తుంది. అంతే.

"వెనక్కి తిరిగి చూస్తే?" అని చిన్నప్పుడు అడిగాను.

"ఏం చూస్తావు? బరువుకు ముఖం ఉంటుందా?" అంది అమ్మమ్మ.

మా పిన్ని పశువుల డాక్టరు. కొండ మీది దొడ్లన్నీ తానొక్కతే చూసుకోవాలి. రాళ్లూ గుంటలూ తప్ప దారి లేని చోట్లు గనుక, ఆమె, బాబాయి కలిసి ఒంటెలా ఎత్తయిన అడ్వెంచర్ బైకు ఒకటి కొన్నారు. పగలు పిన్ని నడుపుతుంది; సాయంత్రం కళ్లజోళ్ల దుకాణం కట్టేశాక బాబాయి తీస్తాడు. బాబాయి తాటిచెట్టంత పొడవు. పిన్ని సంగతి ఆయనే చెబుతాడు: "మా ఆవిడ కూర్చున్నా నిలబడినా ఒకే ఎత్తు."

ఆ బైకుకు సీటు కింద, ఒక పక్కగా, చేత్తో తిప్పే గుబ్బ ఉంటుంది. బిగిస్తే వెనక స్ప్రింగు గట్టిపడి సీటు లేస్తుంది, వదిలితే దిగుతుంది. వెనక మరో మనిషి కూర్చుంటే బిగించాలి, లేకపోతే బండి కుంగిపోతుంది. ఒంటరిగా తిరిగే పిన్ని దాన్ని పూర్తిగా వదులు చేసుకునేది. అప్పుడే ఆమె కాలివేళ్లు నేలకు ఆనేవి.

ఒక ఉదయం, ఎప్పటిలాగే ఇంటి అరుగు మీది నుంచి బండెక్కి బయలుదేరిన పిన్ని, ఒక దొడ్డి గేటు ముందు ఆపి కాలు దించింది.

నేల అందలేదు.

బండి ఒరిగి ఆమె మోకాలి మీద పడింది. మందుల పెట్టె బోర్లాపడింది. కుంటుకుంటూ లేచి ఆమె మొదట చూసింది గుబ్బను. పూర్తిగా బిగించి ఉంది — ఇద్దరు మనుషుల బరువుకు.

"ఎవరిని ఎక్కించుకున్నారు?" అని ఆ సాయంత్రం భర్తను అడిగింది.

"ఎవరినీ లేదే." బాబాయి కళ్లజోడు తుడుస్తూనే ఉన్నాడు. అది అప్పటికే తళతళలాడుతోంది.

"అయితే గుబ్బ దానంతటదే తిరిగిందా?"

చిన్నకూతురి దగ్గరే ఉంటున్న అమ్మమ్మ, మంచం మీది నుంచి గొంతు తగ్గించి అంది: "కాటా మీదుగా వచ్చాడేమో తల్లీ. అక్కడ ఎక్కుతారని చెబుతూనే ఉన్నాగా."

"దెయ్యానికి స్ప్రింగు బిగించడం కూడా వచ్చా అమ్మా?"

"ఇన్నేళ్ల నుంచి ఉంటోంది. ఆ మాత్రం నేర్చుకోదూ?"

పిన్ని నవ్వలేదు.

ఆ తరువాత ఆమె రోజూ చూసుకోవడం మొదలుపెట్టింది. కొన్ని ఉదయాలు గుబ్బ వదులుగానే ఉండేది. కొన్ని ఉదయాలు… బిగించి ఉండేది. అలా బిగించి ఉన్న రోజుల్లో వెనక సీటు మీద తెల్లటి రాతిపొడి కనిపించేది. క్వారీ దగ్గర తప్ప మరెక్కడా లేని పొడి. బాబాయి దుకాణం ఊరికి ఆ చివర. కాటా ఈ చివర.

అనుమానం చెదపురుగు లాంటిది. లోపలంతా తినేసినా, పైకి తలుపు తలుపులాగే ఉంటుంది. పిన్ని ఎప్పటిలాగే వడ్డించింది, ఎప్పటిలాగే మాట్లాడింది. కానీ మా అమ్మకు ఫోను చేసి, "అక్కా, కొన్నాళ్లు మీ ఇంట్లో ఉండనిస్తావా?" అని అడిగింది. ఎందుకో చెప్పలేదు. బీరువా మీద సర్దిన సంచీ ఒకటి వెలిసింది.

ఒక రోజు బైకును ఇంట్లోనే వదిలి, రావడానికి ఆలస్యమవుతుందని చెప్పి దొడ్లకు వెళ్లింది. పని ముగించుకుని, పొద్దు వాలగానే కాలిబాటన దిగి కాటా గది వెనక నిలబడింది.

చీకటి చిక్కబడింది. కింది మలుపులో బండి చప్పుడు… దీపం. తిన్నగా రోడ్డు మీదే పడుతున్న దీపం. బండి పలక మీదికి ఎక్కి ఆగింది.

వెనక ఒక ఆడమనిషి. తల మీదుగా శాలువా.

"మెల్లగా… నా చెయ్యి పట్టుకోండి," అన్నాడు బాబాయి, రహస్యంగా.

ఆ మనిషి దిగి, ఒక కాలు ఈడ్చుకుంటూ గదిలోకి నడిచి, బెంచీ మీద కూర్చుంది. ఆ ఈడ్పు పిన్నికి తెలుసు. ఆస్పత్రి వరండాలో దాని పక్కనే తాను నడిచింది.

అమ్మమ్మ.

తుంటి ఎముక ఆపరేషన్ అయ్యాక, ఇక బండి ఎక్కనని కూతురి చేతిలో చెయ్యేసి ఒట్టు పెట్టిన అమ్మమ్మ. ఆ గదిలో ఒకప్పుడు మా తాతయ్య కాటా గుమాస్తా. స్థూలకాయుడు, ఆయన పలక మీదుగా నడిస్తే సూది కదిలేదని క్వారీవాళ్లు వేళాకోళమాడేవారట. ఆ బెంచీ మీదే ఒక సాయంత్రం తల వాల్చి, మళ్లీ ఎత్తలేదు.

పిన్ని ముందుకు వచ్చింది. బాబాయి అదిరిపడ్డాడు.

"నువ్వా… దెయ్యమనుకున్నాను."

"ఇంటికి పదండి, చూపిస్తాను."

"అల్లుణ్ణి ఏమీ అనకు. నువ్వు సాయంత్రం ఇంట్లో లేనప్పుడల్లా తీసుకెళ్లమని నేనే ప్రాణం తీశాను," అంది అమ్మమ్మ.

పిన్ని తల్లి పక్కన కూలబడి, చాలాసేపు ఆమె చెయ్యి వదల్లేదు. ఆ తరువాత కళ్లు తుడుచుకుని భర్త వైపు తిరిగింది. "అమ్మను ఎక్కించుకున్నారు, సరే. దింపాక ఆ గుబ్బ వదులు చేసి చావొచ్చుగా. నా మోకాలు పచ్చడైంది."

బాబాయి ఆమెను కొంచెం అవతలకు తీసుకువెళ్లాడు.

"అత్తయ్యగారి బరువెంత? పావురమంత. ఆవిడ కోసం నేను గుబ్బ ముట్టుకోలేదు."

"మరి?"

"వచ్చేటప్పుడు బాగానే వస్తాం. తిరిగి బయలుదేరేటప్పుడే… దీపం చెట్లలోకి లేస్తుంది, రోడ్డు కనపడదు. అందుకని ఇక్కడే బిగిస్తాను. ఇల్లు చేరి ఆవిడ దిగినా, సీటు కిందికే ఉంటుంది. ఇక వదులు చేయాలని ఎలా తోస్తుంది నాకు? తెల్లవారాకే సీటు లేస్తుంది కాబోలు."

పిన్ని ఆయన ముఖంలోకి చూసింది. అబద్ధం ఆడేటప్పుడు ఆయన కళ్లజోడు తుడుస్తాడు. ఇప్పుడు రెండు చేతులూ ఊరికే వేలాడుతున్నాయి.

ముగ్గురు పట్టరు గనుక తాను నడిచి వస్తానంది. బాబాయి ముందు కూర్చున్నాడు. అమ్మమ్మ ఎక్కి, సీటు చిట్టచివర, కమ్మీని ఆనుకుని కూర్చుంది. ఇద్దరి మధ్యా ఒక మనిషి పట్టేటంత ఖాళీ.

"ముందుకు జరుగమ్మా, పడతావు."

"జరగడానికి చోటెక్కడుందే?" అంది అమ్మమ్మ, నెమ్మదిగా.

బండి వెనక భాగం కుంగింది. దీపం రోడ్డును వదిలి చిటారు కొమ్మల్లోకి లేచింది. బాబాయి వంగి గుబ్బ తిప్పాడు… తిప్పాడు… వెలుగు మళ్లీ నేలకు దిగింది.

బీరువా మీది సంచీ ఆ రాత్రే ఖాళీ అయింది. ఇప్పుడు పిన్ని రోజూ ఉదయం బయలుదేరే ముందు, ఎవరినీ ఏమీ అడగకుండా, ఆ గుబ్బను తానే వదులు చేసుకుంటుంది.

ఇదంతా నాకు మొదట చెప్పింది మా అమ్మమ్మే — అంత పెద్ద మంచం మీద, ఒక అంచుకు ఒదిగి పడుకుని.