ఎడమ ముంజెయ్యి

పదకొండు గంటల ఎండ కిటికీల్లోంచి శవాల గదిలోకి ఏటవాలుగా పడుతోంది. మామూలు రోజుల్లో అయితే ఈపాటికి అరవైమంది పిల్లలు ఒకళ్ళ భుజాల మీంచి ఒకళ్ళు తొంగిచూస్తూ, ముక్కులు మూసుకుంటూ, నవ్వాపుకుంటూ నిలబడి ఉండేవాళ్ళు. అంటురోగం వచ్చి మెడికల్ కాలేజీ మూతపడ్డాక అక్కడ మిగిలింది ఒక బల్ల మీద తెల్లదుప్పటి కింద పెద్దాయన. ఎదురుగా లాప్‌టాప్. అందులో అరవై నల్లగళ్ళు, ఒక్క మొహమూ లేదు.

అనాటమీ మేడమ్ ఆ గళ్ళకే పాఠం చెప్పబట్టి ఆర్నెల్లయింది. గట్టు మీద నిలబడి ఈత నేర్పడమంటే ఇదే కాబోలు. అర్థమైందా అని అడిగితే ఉలుకూ ఉండదు, పలుకూ ఉండదు. గోడకి చెప్పుకున్నా కనీసం బల్లి పలుకుతుందని, గది చూసుకునే తాత ఒకసారి ఎకసెక్కమాడాడు.

పెద్దాయన బతికున్నప్పుడు బడిపంతులు. తన శరీరాన్ని కాలేజీకి రాసిచ్చిన కాగితంలో ఒకే కోరిక కోరారు, పిల్లల చేతికి పనికొస్తే చాలని. కుడిచెయ్యి మేడమే కోసి కెమెరాకి చూపించింది. ఎడమచెయ్యి, పిల్లలొచ్చాక వాళ్ళకని, గీటు పడకుండా దాచింది.

ఆ రోజు పాఠం ముగించి, గంటసేపు బొమ్మ గీయమని పిల్లలకి చెప్పిందో లేదో ప్రిన్సిపాల్ ఫోను. సాయంత్రంలోగా అరవై రికార్డు పుస్తకాలూ మేడమ్ సంతకాలతో యూనివర్సిటీకి వెళ్ళాలట. వెళ్ళకపోతే పిల్లలందరికీ ఏడాది పోతుందట. ప్రతి పుస్తకంలోనూ ఒకే వాక్యం అచ్చేసి ఉంది: ఎడమ ముంజెయ్యి, విద్యార్థి స్వయముగా కోసి పరిశీలించెను.

"వాళ్ళు కత్తే పట్టుకోలేదు సార్," అంది మేడమ్.

"సంతకానికి వాళ్ళ చేతులెందుకమ్మా? నీ చెయ్యి చాలు."

రేపు ఈ పిల్లలే ఎవరి కడుపో కోస్తారు కదా అన్న మాట గొంతుదాకా వచ్చింది. మింగేసి కలం తీసింది.

మొదటి సంతకం. ఎక్కడో సర్రుమని చిన్న చప్పుడు, పాతగుడ్డ చించినట్టు. కలం పాళీ అనుకుంది. రెండో సంతకం... మళ్ళీ అదే. కలం ఆపితే ఆగుతోంది. పెడితే వస్తోంది. ఫ్యాను తిరగడం లేదు. రోడ్డు మీద బండి చప్పుడు కూడా లేదు. ఇరవయ్యేళ్ళుగా అలవాటైన, శవాలకి పట్టించే మందు వాసనే, ఇవాళ గొంతులోకి దిగి కూర్చుంటోంది.

ముప్ఫై ఏడు పూర్తయ్యేసరికి తెలిసిపోయింది. చప్పుడు వెనక బల్ల దగ్గర్నుంచి.

ఆపేయొచ్చు. ఇంకా ఇరవైమూడు ఉన్నాయి... ఫోను మళ్ళీ మోగింది. అయ్యాయా అని అడిగాడాయన. అవుతున్నాయి సార్ అంది.

తల తిప్పకుండా మిగిలినవీ గీకేసింది. చివరి సంతకానికి మాత్రం చప్పుడు రాలేదు. పీడ వదిలిందనుకుంది.

పుస్తకాలు పట్టుకెళ్ళడానికి వచ్చిన తాత గుమ్మంలోనే ఆగిపోయాడు.

"మేడమ్... దుప్పటి మీరు తీశారా?"

ఆమె వెనక్కి తిరిగింది. ఎడమచెయ్యి బల్ల పక్కకి వేలాడుతోంది.

మోచేతి నుంచి మణికట్టుదాకా... గాట్లు. అనుభవమున్న చేతివి కావు. ఒకటి భయపడి మధ్యలో ఆగిపోయింది. ఒకటి పట్టు తప్పి ఎముకదాకా దిగింది. ఒకటి ఎడమచేతివాటం వాళ్ళది. ఏటా మొదటి రోజున ఎన్ని చూసిందో ఆమె ఇలాంటివి. పెదాలు కదుపుతూ లెక్కపెట్టింది.

యాభై తొమ్మిది.

తాత దుప్పటి కప్పబోయాడు. చేతులు రాలేదు.

లాప్‌టాప్‌లో ఒక నల్లగడిలో మైకు వెలిగింది. ఆర్నెల్లలో మొదటిసారి. ఒకమ్మాయి గొంతు, పక్కన ఎవరైనా వింటారేమో అన్నట్టు, గుసగుసగా.

"మేడమ్... ఒక డౌటు."

మేడమ్ లాప్‌టాప్ వైపు తిరిగింది.

"కత్తి పెడుతుంటే పెద్దాయన చెయ్యి వెనక్కి లాక్కుంటున్నారు మేడమ్... గట్టిగా పట్టుకోమంటారా?"