డి డ్రైవ్‌కు తెరిచిన తలుపు

తేని యాలకుల వేలంశాల వెనక, గోనెసంచుల మధ్య ఏజెంట్ కరుప్పుసామి శవం ఉదయం పదకొండింటికి దొరికింది. మెడ మీద సూది గుచ్చిన మచ్చ. చనిపోయే ముందు అతను ఆఫీసుకు ఒక్క మెసేజ్ పంపగలిగాడు: ‘పీలమేడు. సాయంత్రం నాలుగు. గేమ్ కన్సోల్.’

పన్నెండున్నరకు కోయంబత్తూరు ఆఫీసులో చీఫ్ తమిళ్‌సెల్వన్ బ్రీఫింగ్ మూడు నిమిషాల్లో ముగించాడు.

“ఈ ఊరి పీలమేడులోనే రాజగోపాలన్ అని ఒక ఇంజనీరు. జలాంతర్గామి మోటార్ డ్రాయింగులు ఆయన ఇంటి కంప్యూటర్‌లో, డి డ్రైవ్‌లో ఉండాయి.”

“ఇంట్లోనా సార్?” ఏజెంట్ లోకేశ్వరి పెదవి విరిచింది.

“దానికి ఇంటర్నెట్ లేదని రాసిచ్చిండాడు. విదేశీ ముఠాలో మన మనిషి సుందరవల్లి ఆ ఇంటికి పోతా వస్తా ఉండాది. కోడ్ వర్డ్ మురుంగక్కాయ, మన మునక్కాయే. ఈ మెసేజ్ సంగతి ఆమెకు చెప్పలేదు.”

“చెప్పొద్దు సార్.”

లోకేశ్వరికి పని నేర్పింది కరుప్పుసామే. ఏడవడానికి టైము లేదు.

మూడూ నలభైకి ఆమె బ్రాడ్‌బ్యాండ్ మెకానిక్ వేషంలో రాజగోపాలన్ ఇంటి బెల్లు కొట్టింది. జేబులో సెల్‌ఫోన్ లాంటి నెట్‌వర్క్ స్కానర్. యాభై ఏళ్ల ఇంజనీరు సోఫాలో కాళ్లు ముడుచుకుని, టీవీలో కారు రేసు ఆడుతున్నాడు. పక్కన సుందరవల్లి. పట్టుచీర, గేటు దాకా వచ్చే సెంటు వాసన.

“ఒట్టన్‌చత్రం సంత మురుంగక్కాయ వచ్చిండాదా అక్కా?”

“వచ్చిండాదిమా. అంతా ముదురే.”

కోడ్ సరిపోయింది. సుందరవల్లి దగ్గరికొచ్చి గుసగుసగా అంది: “ఐదు గంటలకు పంపుతారు. అందాకా దేన్నీ తాకొద్దు.”

ఐదు! లోకేశ్వరి తలూపింది. చచ్చినవాడు నాలుగన్నాడు. అతను ఏనాడూ అబద్ధం చెప్పలేదు. ఈమె మనల్ని అమ్మేసింది.

“సార్, ఈ కన్సోల్ ఎవరిచ్చిరి?”

“ఈ అమ్మ గిఫ్టుమా!” ఇంజనీరు మొహం వెలిగింది. “కంప్యూటర్‌లో ఉండే సినిమాలు వైఫైలో దీనికి వస్తాయి. టీవీలో చూస్తా ఉండాను. వైరే లేదు!”

“కంప్యూటర్‌కు నెట్ ఉండాదా సార్?”

“కంప్యూటర్‌కు లేదు. కన్సోల్‌కే ఉండాది.”

“సినిమాల ఫోల్డర్ మాత్రమే షేర్ చేసినారా?”

“ఒక్కొక్కటి ఎవరు వెతుకుతారుమా? డి డ్రైవ్ అంతా ఇచ్చేసినాను.”

డ్రాయింగులూ డి డ్రైవ్‌లోనే. ఈయన వీధి తలుపుకు గడియ పెట్టి, పెరటి తలుపు తీసి నిద్రపోయే రకం. చదువు మాత్రం గోడ నిండా ఫ్రేములు కట్టి ఉంది.

లోకేశ్వరి రౌటర్ ముందు కూర్చుని లాప్‌టాప్ తెరిచింది. స్కానర్ చెప్పింది: కన్సోల్ డ్రాయింగులన్నిటినీ ఒకే ఫైలుగా కట్టి బయటికి పంపుతోంది. తొంభై నాలుగు శాతం. చివరి ముక్క చేరితే గాని అవతల అది తెరుచుకోదు. టైము మూడూ యాభై ఎనిమిది.

రౌటర్ పాస్‌వర్డ్ ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలు. ఆమెకు నవ్వు రాలేదు. అసహ్యం వేసింది.

తొంభై ఏడు. ప్లగ్ పీకితే సుందరవల్లి పసిగడుతుంది. కొత్త వైఫై పాస్‌వర్డ్ టైపు చేయడం మొదలుపెట్టింది.

“చేతులు తియ్యి.” సుందరవల్లి హ్యాండ్‌బ్యాగ్‌లోంచి చిన్న పిస్తోలు బయటికొచ్చింది.

“కరుప్పుసామికి సూది వేసింది నువ్వేనా?”

“ముసలోడు అడ్డం వచ్చినాడు. సుమ్మా, ఊరికే వదిలేదా?”

తొంభై తొమ్మిది. లోకేశ్వరి ఎడమ చేయి పైకెత్తింది. కుడి బొటనవేలు ‘సేవ్’ నొక్కింది. రౌటర్ దీపాలు ఆరి మళ్లీ వెలిగాయి. టీవీలో కారు ఆగిపోయింది: కనెక్షన్ లేదు.

సుందరవల్లి కళ్లు టీవీ వైపు తిరిగిన ఆ ఒక్క క్షణం చాలు. కేబుల్ పనికి తెచ్చిన ఇనుప క్రింపింగ్ టూల్ ఆమె మణికట్టు మీద పడింది. గుండు సీలింగ్‌లోకి పోయింది, పిస్తోలు సోఫా కిందికి. వీధిలో కాచుకున్న తమిళ్‌సెల్వన్ మనుషులు లోపలికి దూకారు.

“పాస్‌వర్డ్ ఏమి పెట్టినావు?” బేడీలు పడిన సుందరవల్లి పళ్లు కొరికింది.

“కరుప్పుసామి.” లోకేశ్వరి లాప్‌టాప్ మూసింది.

కన్సోల్‌ను, కంప్యూటర్‌ను అట్టపెట్టెల్లో సర్దుతుంటే రాజగోపాలన్ చేతులు నలుపుకుంటూ వెంట వచ్చాడు. దేశానికి ఏమవబోయిందో ఆయన అడగలేదు.

“కంప్యూటర్ ఎప్పుడైనా తిరిగి ఇస్తే, ఇంక సినిమాలు టీవీలో ఎట్లా చూసేదిమా?”

లోకేశ్వరి టీవీ బల్లను చూసింది. కంప్యూటర్ బల్ల దాన్ని ఆనుకునే ఉంది.

“ఒక మూర వైరు కొనండి సార్.”